అర బస్తా బరువు

మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో నా బండిని 'ఏటీఎం' అనేవాళ్లు. వాచ్‌మన్ పెట్టిన పేరది. వెనక మూడు అల్యూమినియం పెట్టెలు, ముందు ఇనప కడ్డీలు, వాటికి రెండు ఎక్‌స్ట్రా లైట్లు. దూరం నుంచి చూస్తే నిజంగానే గోడకి ఆనించిన మెషీన్‌లా ఉండేది. నాకేం కోపం రాలేదు. పైగా లిఫ్ట్ దగ్గర ఎవరైనా ఆగి, 'బ్రో, లడఖ్ వెళ్లొచ్చారా?' అని అడిగితే లోపల పొంగిపోయేవాణ్ని. 'ప్లాన్‌లో ఉంది' అనేవాణ్ని. అది ప్లాన్‌లోనే ఉండిపోయింది.

బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450. 2023 నవంబర్‌లో లాంచ్ అయితే, నేను 2024 మొదట్లో తీసుకున్నా. 452 సీసీ ఇంజిన్, 40 హార్స్‌పవర్, 17 లీటర్ల ట్యాంకు, 21 అంగుళాల ముందు చక్రం, కింద 230 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్. ప్రపంచం లెక్కలో ఇది మరీ పెద్ద బండేం కాదు. బీఎండబ్ల్యూ ఆర్ 1250 జీఎస్ పక్కన పెడితే తమ్ముడిలా ఉంటుంది. కానీ కాలేజీ రోజుల నుంచి స్ప్లెండర్ తోలినవాడికి ఏనుగే. దాని బరువు 196 కేజీలు. నా బరువు 64.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తా. నా ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. ఈ బండి సీటు 825 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. షోరూంలో ఎక్కి కూర్చుంటే రెండు కాళ్లూ మునివేళ్ల మీదే ఆనాయి. సేల్స్ కుర్రాడు 'అలవాటైపోద్ది సార్' అన్నాడు. ఆ మాట అబద్ధం కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం అలవాటు చేసుకునే ఓపిక నాకు లేదు. డబ్బులు పెట్టి సరిచేద్దామనుకున్నా.

ఈ పెట్టెల పిచ్చి నాకెక్కడ అంటుకుందో కూడా గుర్తుంది. ఇంజినీరింగ్ హాస్టల్లో, ఒక సీనియర్ హార్డ్‌డిస్క్‌లోంచి. 'లాంగ్ వే రౌండ్' అని 2004లో వచ్చిన టీవీ సిరీస్. ఇవాన్ మెక్‌గ్రెగర్, చార్లీ బూర్మన్ అనే ఇద్దరు నటులు లండన్‌లో బయల్దేరి యూరప్, కజకిస్తాన్, మంగోలియా, రష్యా, అలాస్కా మీదుగా న్యూయార్క్ దాకా బండ్ల మీద వెళ్తారు. పెద్ద పెద్ద బీఎండబ్ల్యూలు, రెండు వైపులా పెట్టెలు. మంగోలియా బురదలో ఆ బండ్లు ఎన్నిసార్లు పడ్డాయో, వాటిని లేపడానికి ఎన్ని తంటాలు పడ్డారో కూడా అందులోనే ఉంది. వాళ్లతో వెళ్లిన కెమెరామన్ బండి పాడైతే, అక్కడే ఒక చిన్న రష్యన్ బండి కొనుక్కుని కొంత దూరం దాంతోనే లాగించేశాడు. అదీ చూశా. కానీ నా బుర్రలో మిగిలింది పెట్టెలే.

మొదట క్రాష్ గార్డ్ వేయించా. బండి పడినా ట్యాంకుకీ రేడియేటర్‌కీ దెబ్బ తగలకుండా. తర్వాత ఇంజిన్ కింద మందపాటి బాష్ ప్లేటు. తర్వాత హ్యాండిల్‌ని పైకి లేపే రైజర్లు, వెనక రాక్, దానికి పెట్టెలు. ఆఫీసులో కోడ్ బిల్డ్ అవుతుంటే పక్క ట్యాబ్‌లో యాక్సెసరీల సైటు తెరిచేవాణ్ని. బిల్డ్ అయ్యేసరికి కార్ట్‌లో ఏదో ఒకటి పడేది. పది నెలల్లో 1,12,000 రూపాయలు అయ్యాయి. ఎక్సెల్ షీట్ ఉంది కాబట్టి లెక్క కచ్చితం. ఇంట్లో అడిగితే 'చిన్న చిన్నవేలే నాన్నా' అనేవాణ్ని. ఒక్కొక్కటిగా చూస్తే చిన్నవే మరి.

లైట్లు మాత్రం నేనే బిగించా. ఒక్కోటి 40 వాట్లు. రెండూ కలిపి 80. 12 వోల్టుల మీద దాదాపు 7 ఆంపియర్లు లాగుతాయి. హెడ్‌లైట్ స్విచ్ వైరుకే తగిలించేస్తే ఆ సన్న వైరు వేడెక్కి ఇన్సులేషన్ కరిగే ప్రమాదం ఉంది. అందుకే బ్యాటరీ నుంచి విడిగా లైను లాగి, మధ్యలో 10 ఆంపియర్ల ఫ్యూజు, ఒక రిలే పెట్టి, స్విచ్‌తో రిలేని మాత్రమే నడిపించాలి. ట్రిపుల్ ఈ చదివి సాఫ్ట్‌వేర్లోకి వచ్చిన నాకు నాలుగేళ్ల డిగ్రీ పూర్తిగా పనికొచ్చింది ఆ ఒక్క ఆదివారమే. సిటీలో వాటికి మూతలు వేసి ఉంచుతా. ఎదుటివాడి కళ్లలో పొడిచే లైట్లంటే నాకూ మంటే.

చట్టం మాటేమిటి అంటారా? తెలియక కాదు. కంపెనీ ఇచ్చిన వివరాలకి, ఆర్‌సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 సవరణ తర్వాత, అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. అందుకే పెద్ద సౌండ్ సైలెన్సర్ల జోలికి పోలేదు. పోలీసులు వాటిని రోడ్ రోలర్ కింద వేసి నలిపించే వీడియోలు మీరూ చూసే ఉంటారు. నాకైతే ఆ వీడియోలు చూస్తే హాయిగా ఉంటుంది.

అసలు తప్పు పని లోయరింగ్ లింక్ వేయించడం. వెనక షాక్ అబ్జార్బర్‌కీ, చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్‌కీ మధ్య చిన్న లింకులు ఉంటాయి. వాటి బదులు వేరే కొలతవి వేస్తే బండి వెనక భాగం కిందికి దిగుతుంది. నాది అంగుళం పైనే దిగింది. పాదాలు చక్కగా ఆనాయి. ఆ రోజు మాదాపూర్ సిగ్నల్ దగ్గర రెండు కాళ్లూ కింద పెట్టి నిలబడితే నాకేదో పొడుగు పెరిగినట్టే అనిపించింది.

వేసినవాళ్లు చెప్పనిది, నేను అడగనిది ఇంకోటి ఉంది. వెనక దిగిందంటే ముందు లేచినట్టే. మలుపుల్లో హ్యాండిల్ బద్ధకంగా తిరుగుతుంది. కింద క్లియరెన్స్ తగ్గుతుంది, అంటే నేను అంత డబ్బు పోసి కొన్న 230 మిల్లీమీటర్లలో కొంత నేనే డబ్బిచ్చి తీసేయించుకున్నానన్నమాట. పైగా బండి దిగింది కానీ సైడ్ స్టాండ్ పొడుగు తగ్గలేదు. అది పక్కకి వాలాల్సినంత వాలకుండా దాదాపు నిటారుగా నిలబడేది. మా సెల్లార్ ర్యాంప్ కొద్దిగా వాలు. ఒక రాత్రి అది రెండో వైపు ఒరిగిపోయి 302 ఆంటీ గారి స్కూటర్ మీద పడింది. 4,500 రూపాయలు కట్టా. ఆంటీ ఏమీ అనలేదు. స్కూటర్‌ని మాత్రం స్తంభానికి అవతల పెట్టుకోవడం మొదలుపెట్టింది. అప్పుడైనా ఆ లింకు తీసేయించాల్సింది. స్టాండు కోయించి పొట్టి చేయించా.

ఇంత చేసి ఆ బండి ఎక్కడ తిరిగిందంటే, మియాపూర్ నుంచి మాదాపూర్, మాదాపూర్ నుంచి మియాపూర్. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి కాస్త గాలి పీల్చుకుందామా అంటే, టూ వీలర్లని రానివ్వరు. సర్వీసు రోడ్డే దిక్కు.

2025 సంక్రాంతికి ఊరెళ్లాలి. మాది గోకవరం దగ్గర పల్లెటూరు. చెల్లి హైదరాబాద్‌లోనే హాస్టల్లో ఉండి బ్యాంకు పరీక్షలకి చదువుతోంది. సంక్రాంతికి టికెట్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. రైలు లేదు. బస్సు ధర వింటే విమానం గుర్తొచ్చింది. "బండి మీద వెళ్లిపోదాం" అన్నా. అది నోరు తెరిచి, "అన్నయ్యా, నాన్నకి తెలిస్తే?" అంది. "బస్సు దొరికిందని చెప్పు. వెళ్లాక చూపిద్దాం" అన్నా.

విజయవాడ మీదుగా వెళ్తే నాలుగు లైన్ల హైవే. హాయిగా వెళ్లొచ్చు. కానీ అంత బండి పెట్టుకుని హైవే మీదా? ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం, అక్కణ్నుంచి చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ ఎక్కి, దిగి, రంపచోడవరం, గోకవరం. ఈ దారి నేనే ఎంచుకున్నా. చెల్లికి నచ్చజెప్పడానికి మారేడుమిల్లిలో బొంగులో చికెన్ ఎర వేశా.

బయల్దేరిన రోజు ఒంటి మీద నాకేమున్నాయో చెప్తా. భుజాలకీ మోచేతులకీ ప్యాడ్లున్న జాకెట్, మోకాళ్లకి గార్డులు, కొత్త హెల్మెట్, చీలమండ దాటి పిక్కల దాకా వచ్చే రైడింగ్ బూట్లు. బూట్లే 12,000. చెల్లికి నా పాత హెల్మెట్ ఇచ్చా. కాళ్లకి అది కాలేజీకేసుకునే కాన్వాస్ షూసే. ఆ పొద్దున నేను చైన్‌కి ఆయిల్ వేశా, టైర్లలో గాలి చూశా, పెట్టెల తాళాలు రెండుసార్లు లాగి చూశా. దాని కాళ్ల వంక చూడలేదు.

రాత్రికి భద్రాచలంలో ఆగి, తెల్లారి లేచి బయల్దేరాం. చింతూరు దాటాక రోడ్డు సన్నబడి అడవిలోకి దూరుతుంది. జనవరి కదా, మంచు. చెట్ల ఆకుల మీంచి నీళ్లు కారుతున్నాయి. చెల్లి నా భుజం మీద తట్టి ఫొటోలు తీస్తా ఆపమంటోంది. ఆ గంట నిజంగా బాగుంది. అబద్ధం చెప్పను, నా పది నెలల పిచ్చికి అర్థం దొరికిందనిపించింది.

ఎక్కుడులో ఒక హెయిర్‌పిన్ మలుపు. సగం తిరిగాక పైనుంచి బస్సు కనిపించింది. దాని దారిలో అది సరిగ్గానే వస్తోంది. దానికి చోటివ్వడానికి నేను ఎడమ అంచుకి జరిగి ఆగా. ఎడమ కాలు కింద పెట్టా. అక్కడ నేల లేదు. తారు అంచు తర్వాత ఒక అడుగు లోతు, వదులు కంకర. అంగుళం తగ్గించుకున్న సీటు అక్కడేం చేస్తుంది? బండి ఎడమకి ఒరిగింది. వెనక మూడు పెట్టెల సామాను, మనిషి. ఒక స్థాయి దాటాక ఇక దాన్ని ఆపడమంటూ ఉండదు, అది పడే వేగంతో మనమూ పడటమే. పెద్ద శబ్దం కూడా రాలేదు. మెల్లగానే పడింది. స్పీడు సున్నా.

నేను దొర్లి లేచా. చెల్లి లేవలేదు. దాని ఎడమ కాలు పెట్టె కింద ఉంది. వెనక కూర్చున్నవాళ్ల పాదం ఉండే చోటికి సరిగ్గా వెనకే పెట్టె మూల ఉంటుంది. పడినప్పుడు నేలకీ ఆ మూలకీ మధ్య చీలమండ ఇరుక్కుపోయింది. బండి లేపబోయా. కదల్లేదు. రెండోసారి ప్రయత్నించా. కదల్లేదు. బస్సు ఆగింది. డ్రైవరూ ఇద్దరు ప్రయాణికులూ దిగొచ్చారు. నలుగురం కలిసి లేపాం. అప్పటిదాకా అది అరవలేదు. కాలు బయటికి లాగాక అరిచింది.

బండికి గీత కూడా పడలేదు. క్రాష్ గార్డ్ అంచున కాస్త పెయింటు లేచింది, అంతే. పెట్టుకున్న డబ్బు దాని పని అది చేసింది.

బండిని రోడ్డు పక్కన ఒక హోటల్ దగ్గర వదిలేసి, జీపులో రంపచోడవరం, అక్కణ్నుంచి రాజమండ్రి. చీలమండ దగ్గర ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు, 6 స్క్రూలు వేశారు. ఫిబ్రవరిలో దానికి పరీక్ష ఉంది, ఏడాదిగా దాని కోసమే చదివింది. రాయలేకపోయింది. నాన్న ఆసుపత్రికొచ్చి, చెల్లి తల నిమిరి, నా వైపు చూసి, "నీకేం తగల్లేదా?" అని అడిగారు. లేదన్నా. ఆ తర్వాత రెండు రోజులు నాతో ఏమీ మాట్లాడలేదు.

కనుమ నాడు ప్రయాణం చెయ్యకూడదంటారు కాబట్టి ఆ మర్నాడు పొద్దున్నే, "పద, ఆ బండి తెచ్చుకుందాం" అన్నారు. ఇద్దరం ఆయన టీవీఎస్ ఎక్సెల్ మీద బయల్దేరాం. 99.7 సీసీ. నా చిన్నప్పటి నుంచీ నాన్న దగ్గర ఎక్సెలే. పాతది పోతే కొత్తది. పొలం గట్ల మీద, బురదలో, ధాన్యం బస్తాలూ ఎరువు బస్తాలూ పాల క్యాన్లూ వేసుకుని తిరిగిన బండి. మా నాన్న ఒక్కసారి పడటం నేను చూళ్లేదు. ఘాట్‌లో అది మూలుగుతూ ఎక్కుతుంటే, వెనక కూర్చున్న నాకు ఎటు చూడాలో తెలియలేదు.

హోటల్ దగ్గర నాన్న నా బండి చుట్టూ ఒకసారి తిరిగారు. పెట్టెని వేలితో కొట్టి చూశారు.

"ఎంత బరువు ఇది?"

"196 నాన్నా."

"ఈ పెట్టెల్తోనా?"

"కాదు. పెట్టెలు వేరే."

హ్యాండిల్ పట్టుకుని అటూ ఇటూ ఊపారు. "బరువంతా వెనక్కీ పైకీ పెట్టావు. ముందు చక్రం తేలిపోద్ది కదరా. బస్తా ఎప్పుడూ కాళ్ల మధ్య వేసుకోవాలి. అప్పుడే బండి మాట వింటాది." నేను తలూపా. ఇంజినీరింగ్ మెకానిక్స్‌లో సెంటర్ ఆఫ్ గ్రావిటీ మీద నాకు మంచి మార్కులే వచ్చాయి. కాసేపాగి నా కాళ్ల వంక చూశారు.

"ఆ బూట్లెంత?"

చెప్పా. 12,000 అని.

ఇంకేమీ అనలేదు. ఎక్సెల్ కిక్ కొట్టారు. ఘాట్ దిగినంతసేపూ ముందు ఆయన, వెనక నేను. 35 దాటలేదు. నాకు దాటాలని కూడా లేదు.

ఇంటికొచ్చాక మా వాకిట్లోనే స్పానర్లు పట్టుకుని కూర్చున్నాం. నట్లు నేను విప్పితే నాన్న ఒక గిన్నెలో వేసి దాచారు. పెట్టెలు మూడు, రాక్‌లు, బాష్ ప్లేటు, పెట్టెలో ఎప్పుడూ పడుండే టూల్స్, గాలి కొట్టే కంప్రెసర్, మోటు గొలుసు తాళం. అన్నీ తీసి ధాన్యం తూసే కాటా మీద పెట్టాం. 38 కేజీలు. మా వైపు ధాన్యం బస్తా అంటే 75. "అర బస్తా," అన్నారు నాన్న. మా బట్టలు, పండక్కి అమ్మ కోసం కొన్న మిక్సీ, ఇవన్నీ అందులో లేవు. అవి ఇంకో 22. నేను లేపలేకపోయింది వట్టి బండిని కాదన్నమాట. అయినా వట్టి బండిని లేపగలనా అని అప్పటిదాకా ఒక్కసారీ చూసుకోలేదు.

హైదరాబాద్ వచ్చాక మొదటి పని పాత లింకులు మళ్లీ వేయించడం, స్టాండు మార్పించడం. కంపెనీవాళ్లదే తక్కువ ఎత్తు సీటు దొరుకుతుంది, అది వేయించా. దానితో కూడా రెండు పాదాలూ పూర్తిగా ఆనవు. ఆనక్కర్లేదు. ఆగే ముందు సీటు మీద ఒక పక్కకి జరిగితే ఒక కాలు మడమతో సహా ఆనుతుంది, రెండోది బ్రేకు మీద ఉంటుంది. ఏ కాలు పెట్టాలో ఆగాక కాదు, ఆగకముందే నేల చూసి తేల్చుకోవాలి. ఇంత చిన్న సంగతికి యూట్యూబ్‌లో వందల వీడియోలున్నాయి. నేను అప్పట్లో చూసినవన్నీ అన్‌బాక్సింగ్‌లే.

ఇప్పుడు ఆదివారాలు పొద్దున్నే మా ఇంటి దగ్గర ఖాళీ గ్రౌండ్‌లో బండిని మెల్లగా పడుకోబెట్టి లేపడం ప్రాక్టీస్ చేస్తా. చూసేవాళ్లకి పిచ్చిలా ఉంటుంది. ఇంజిన్ ఆపేసి, గేర్‌లో ఉంచి, హ్యాండిల్‌ని నేల వైపుకి పూర్తిగా తిప్పాలి. సీటుకి వీపు ఆనించి కూర్చున్నట్టు వంగి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక ఫ్రేము పట్టుకుని, నడుముతో కాకుండా కాళ్లతో లేచి వెనక్కి నడవాలి. కుడివైపు పడితే ముందే సైడ్ స్టాండ్ తీసి ఉంచుకోవాలి, లేకపోతే లేచిన బండి అవతలికి పడుతుంది. మొదటి నెల లేవలేదు. ఇప్పుడు లేస్తోంది. సామాను లేకుండా, పొడి నేల మీద.

క్రాష్ గార్డూ లైట్లూ ఉంచా. సామానుకి గుడ్డ సంచులు వాడుతున్నా. ఇరవై కేజీల పైన వెయ్యను. సెల్లార్లో ఇప్పుడెవరూ ఏటీఎం అనట్లేదు. లడఖ్ గురించీ అడగట్లేదు. రాక్‌లు సగం ధరకి అమ్మేశా. పెట్టెలు ఊళ్లోనే ఉన్నాయి. రెంటిలో అమ్మ అపరాలు పోసింది. ఎలకలు దూరవని చుట్టుపక్కలవాళ్లందరికీ చూపిస్తోందట.

చెల్లి నాలుగు నెలలకి మామూలుగా నడిచింది. చలి రోజుల్లో కాలు లాగుతుందంటుంది. ఆ పరీక్ష మళ్లీ వచ్చినప్పుడు రాసింది. నా మీద కోపం ఉందా అని ఒకసారి అడిగా. "పడినందుకు లేదు" అంది. అంతకన్నా చెప్పలేదు. నాకూ ఇంకో ప్రశ్న వెయ్యడానికి ధైర్యం చాల్లేదు.

పోయిన పుట్టినరోజుకి దానికి రైడింగ్ బూట్లు కొన్నా. నావి ఏ కంపెనీవో అవే, దాని సైజులో. బండెక్కమని అడగలేదు, డబ్బా ఇచ్చి వచ్చేశా. చాన్నాళ్లు అది మంచం కింద అలాగే ఉంది. మొన్న అమ్మ ఫోన్ చేసి, పెసలు ఎండబెట్టాం, అల్లం పచ్చడి పెట్టాం అని ఊరి కబుర్లన్నీ చెప్పి, చివర్లో, "చెల్లి ఆ బూట్లేసుకుని వాకిట్లో నాన్న ఎక్సెల్ తోలుతోందిరా" అంది.